అట్ట మీది పేరు

మంచం కాళ్ల దిక్కున ఇనుప కమ్మీకి దారంతో కట్టిన అట్టను సోమమ్మ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఆమెకు చదువు రాదు. అయినా ఆ అట్ట మీద పైవరుసలో ఉన్నది తన కొడుకు పేరు కాదని ఆమెకు తెలుసు. అక్కడ దేవదానం అని రాసి ఉంది. ఆమె కొడుకు పేరు పెంటయ్య.

వాడికి ఆరేళ్లు. మృగశిర కార్తె వచ్చిన రెండో రోజున జ్వరం పట్టుకుంది. ఎండదెబ్బ అనుకుని ఉల్లిగడ్డ రసం రాశారు, తడిగుడ్డ చుట్టారు. జ్వరం దిగలేదు. ఐదో రోజున ఊళ్లో మందిచ్చే ఆయన వాడి నాలుక చూసి, ఇది విషజ్వరం, మూడు వారాలు ఉంటుంది, నా చేతిలో ఏమీ లేదు అన్నాడు. అప్పుడు సోమమ్మ మొగుడు బాలస్వామి పాస్టరు ఇస్రాయేలు దగ్గరికి పరుగెత్తి ఒక చీటీ రాయించుకొచ్చాడు. రెండు తెలుగు ప్రాంతాలూ ఒకే రాష్ట్రంగా కలిసిన మరుసటి ఏడు అది. కోస్గి నుంచి బస్సు పడింది గాని, ఒళ్లు కాలిపోతున్న పిల్లవాణ్ణి ఎక్కించుకోనన్నాడు కండక్టరు. ఎడ్లబండిలో గడ్డి పరిచి, మీద గొంగడి కప్పి, ఒక పగలూ ఒక రాత్రీ నడిపించుకుంటూ పాలమూరు దారిలో ఉన్న మిషను దవాఖానకు చేరారు.

చీటీ చూసి నర్సమ్మ వెంటనే మంచం ఇచ్చింది. అట్ట రాసింది. దారం కట్టింది. ఆ తర్వాత పిల్లవాడి మీదికి వంగి, "దేవదానం, నాలుక చూపించు నాన్నా" అంది.

సోమమ్మ చుట్టూ చూసింది, ఇంకెవరినో పిలుస్తున్నారేమోనని.

సాయంత్రం మొగుణ్ణి వరండాలోకి పిలిచి అడిగింది. "గిదేం పేరయ్యా? మన పోరనికి గా పేరు ఎవలు పెట్టిండ్రు?"

"అయ్యగారు రాసిండు. నేను జెప్పిన్నా రాయమని."

"నువ్వు కాదనాలె గద."

"ఎట్లంట? చీటీ జూసే మంచమిచ్చిండ్రు. బైట చెట్టు కింద ఎంత మంది పడున్నరో జూసినవా? పేరు తప్పని చెప్తే, చీటీ మీది గాదు, లేవుండ్రి అంటరు." బాలస్వామి గొంతు తగ్గించాడు. "నాలుగు దినాలు దేవదానం అయితే ఏం పోతది?"

ఏం పోతుందో అతనికి తెలియక అనలేదు. అందుకే ఆ మాట అంటూ పెళ్లాం ముఖం చూడకుండా, వరండా స్తంభానికి ఊడిపోతున్న సున్నాన్ని గోరుతో గీరాడు.

పెంటయ్యకు ముందు వాళ్లకు ముగ్గురు పుట్టారు. పెద్దది సుగుణ. తర్వాత విజయరావు. ఆ తర్వాత రత్నం. ముగ్గురికీ మందిరంలో పదిమంది ముందు, పాస్టరు చేతుల్లో పెట్టి, అందమైన పేర్లు పెట్టించారు. సుగుణ పదకొండు నెలలు బతికింది. విజయరావుకు మాటలు వచ్చాయి, బాపు అనేవాడు, కుక్కను చూసి కూడా బాపు అనేవాడు, వాడూ పోయాడు. రత్నం తొమ్మిది రోజులే. మంచి పేర్లు వినబడేటట్టు పిలిచి మీరే చావుకు చూపించి ఇచ్చారు అని వాడకట్టులో అందరూ అన్నారు.

నాలుగో కాన్పులో మొగపిల్లవాడు పుట్టగానే అత్త నాగులమ్మ ఎవరినీ అడగలేదు. పిల్లవాణ్ణి చాటలో వేసుకుని బయటికి తీసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. చాటను మూడుసార్లు అటూ ఇటూ ఈడ్చింది. పక్కింటి సత్తమ్మ వచ్చి, "ఎవలో పారేసిపోయిండ్రు, పెంట మీద దొరికిండు" అని వాడంతా వినబడేటట్టు అరిచింది. నాగులమ్మ చాటెడు తవుడు పోసి వాణ్ణి సత్తమ్మ దగ్గర కొనుక్కుని ఇంట్లోకి తెచ్చింది. పనికిరానివాణ్ణి ఎవరు తీసుకుపోతారు. వినేవాళ్లు విని వెళ్లిపోవాలని అదంతా.

సోమమ్మ లోపల మంచం మీద పడుకుని ప్రతి మాటా విన్నది. ఆమె బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఈ సంగతి పాస్టరు చెవిన పడుతుందనీ తెలుసు. అయినా వద్దని అనలేదు. అనాలని అనిపించలేదు కూడా.

పిల్లవాడు బతికాడు. వాడలో అమ్మవారు పోసిన ఏడు బతికాడు, వాంతులూ విరేచనాలూ వచ్చిన ఏడు బతికాడు. ఏటా పంటలు ఇంటికి వచ్చాక పాస్టరు ఇస్రాయేలు అడుగుతూనే ఉన్నాడు.

"ఏం సోమమ్మా, పిలగానికి పేరు పెట్టుకుందమా ఈసారన్న?"

"పేరున్నది అయ్యగారు."

"గదొక పేరా?"

"పలుకుతడు అయ్యగారు," అనేది ఆమె. అంతకు మించి మాట పొడిగించేది కాదు.

ఆరేళ్లుగా మనసులో దాచుకున్న పేరును ఆయన ఇప్పుడు చీటీలో రాసేశాడు. మేలు కోరే రాశాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

దవాఖానలో రోజూ పొద్దున గంట కొట్టగానే జానమ్మ వచ్చేది. తెల్లచీర, చంకలో నల్ల అట్ట పుస్తకం, చేతిలో కంజీర. యాభై ఏళ్ల మనిషి, పాట ఎత్తుకుంటే మాత్రం వరండా అవతల వంట పొయ్యిల దగ్గర కూర్చున్నవాళ్లు కూడా ఇటు తిరిగేవాళ్లు. పాట అయ్యాక మంచం మంచం దగ్గర ఆగి, అట్ట మీద పేరు చదివి, ఆ పేరుతో ప్రార్థన చేసేది.

"ప్రభువా, నీ బిడ్డ దేవదానాన్ని ముట్టు తండ్రీ. దేవదానాన్ని లేవనెత్తు తండ్రీ."

ఆ పేరు వినబడినప్పుడల్లా సోమమ్మకు కొడుకు చెవులు మూయాలనిపించేది. కొడుకువి కాదు, ఇంకెవరివో చెవులు. ఆరేళ్లుగా తను మోసం చేస్తూ వచ్చిన ఆ చెవులు. దేవుడిచ్చిన బిడ్డ ఇక్కడున్నాడు, ఈ మంచం మీదే ఉన్నాడు అని జానమ్మ గొంతెత్తి రోజూ చెప్తున్నట్టుండేది.

తను మాత్రం వాణ్ణి ఏ పేరుతోనూ పిలవలేదు. పెంటయ్యా అంటే నర్సమ్మ వింటుంది, చీటీ సంగతి బయటపడుతుంది. దేవదానం అనడానికి నోరు రాదు. "బిడ్డా, కొడుకా" అనేది అంతే. ఆ గదిలో పన్నెండు మంచాలు, పన్నెండు మంచాల దగ్గరా ఎవరో ఒకరు బిడ్డా అంటూనే ఉండేవాళ్లు.

పక్క మంచం నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన కురుమోళ్ల జంగమ్మది. ఆమె కూతురు బీరమ్మకు కాలి మీద పుండు. వీళ్లు వచ్చిన రోజే జంగమ్మ తన నీళ్ల కుండను వీళ్ల మంచం వైపు నుంచి తీసి అవతలి గోడకు పెట్టుకుంది. కుండ దూరం పెట్టినా నోరు దగ్గరే.

"మంచి పేరే చెల్లె మీ పోరనిది. నాకు నోరు తిరుగుతలేదు గని. అంటే ఏంది, మీ దేవుడు దానమిచ్చిండనా?"

"ఆఁ."

"ఇచ్చినోడు మల్ల అడుగుతడా ఏంది? మా బీరప్ప అయితే ఇచ్చింది అడగడు. పొట్టేలు అడుగుతడు గంతే."

జంగమ్మ నవ్వించాలని అన్నది. సోమమ్మ పిల్లవాడి నుదుటి మీద గుడ్డ తీసి, తడిపి, పిండి, మళ్లీ వేసింది.

జ్వరం పదో రోజు, శనివారం. పెంటయ్య కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి గాని చూపు లేదు. పెదవులు పగిలి నల్లగా అయ్యాయి. వేళ్లు దుప్పటి అంచును ఊరికే గిల్లుతున్నాయి. ముందురోజు దాకా చెంచాతో పోసిన నీళ్లు మింగేవాడు. ఇప్పుడు పోస్తే పెదవి చివరి నుంచి కారిపోతున్నాయి.

డాక్టరమ్మ వచ్చింది. ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చిన దొరసాని, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంది, పుస్తకంలో ఉన్నట్టు తెలుగు మాట్లాడుతుంది. కడుపు నొక్కి చూసింది, నాడి చూసింది. అట్ట వైపు ఒకసారి చూసి పిల్లవాడి చెవి దగ్గర నోరు పెట్టింది.

"దేవదానం. దేవదానం. కన్నులు తెరువుము."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకోసారి పిలిచింది. చెంప మీద తట్టింది. లేచి నర్సమ్మతో ఇంగ్లీషులో ఏదో అని, వీళ్ల వైపు తిరిగింది.

"స్మృతి పోయినది. మందు ఇచ్చుచునే ఉన్నాము. మీరు ప్రార్థన చేయండి."

ఆ దవాఖానలో ఆ చివరి మాటకు అర్థం ఏమిటో మంచం మంచానికీ తెలుసు. ఎదురు వరుసలో ముసలాయనకు గురువారం ఇదే మాట చెప్పారు. నిన్న పొద్దున ఆ మంచాన్ని ఫినాయిలుతో కడిగారు.

బాలస్వామి తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"పోయి అవ్వను తోల్కొస్త. చూస్తనంటది."

"ఎందుకు?" అంది సోమమ్మ. ఎందుకో తెలిసీ అడిగింది. అతను వెళ్లిపోయాడు.

ఆ రోజంతా ఆమె ప్రార్థన చేయాలని చూసింది. రాలేదు. కళ్లు మూసుకుంటే ఒకటే ఆలోచన. మూడు రోజులుగా ఇంతమంది దేవుణ్ణి దేవదానం కోసం అడుగుతున్నారు. దేవదానం అనేవాడు లేడు. ఆయన వినే ఉంటాడు, వచ్చే ఉంటాడు, ఈ పన్నెండు మంచాల మధ్య దేవదానం ఎవరని వెతుక్కుని, అటువంటివాడు ఎక్కడా కనబడక వెళ్లిపోయి ఉంటాడు. చావు మాత్రం వెతకదు. దానికి పేరుతో పనిలేదు, ఇక్కడ ఒక తల్లికి ప్రాణమైన బిడ్డ ఉన్నాడన్న కబురు చాలు. దాచి దాచి ఉంచిన సంగతి చావుకు తెలిసిపోయింది. దేవుడికి తెలియలేదు.

మర్నాడు ఆదివారం. లేవగలిగిన రోగులూ, వాళ్లవాళ్లూ వరండాలో కూర్చున్నారు. తలుపులు తెరిచి ఉంచడంతో గదిలో పాట వినబడుతోంది. సోమమ్మ గడప దగ్గర, మంచం కనబడేటట్టు కూర్చుంది. జానమ్మ కంజీర కింద పెట్టి లేచి నిలబడింది.

"మన నడుమ ఒక పిలగాడు కష్టంల ఉన్నడు. అందరం లేచి నిలబడి, ఒక్క మనసు జేసి, దేవదానం కోసం..."

"గా పేరుతోటి వద్దక్కా," అంది సోమమ్మ.

అందరూ తిరిగి చూశారు. ఆమె ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు.

"వాని పేరు గది గాదు. వాడు పెంటయ్య. మా ముగ్గురు పోయినంక మా అత్త వాన్ని పెంట మీదేసి, తవుడు పోసి కొన్నది. నేను ఊకున్న. అయ్యగారు చీటీల మంచి పేరు రాసిండు, ఆయన తప్పు లేదు. చీటీ దొంగది గాదక్కా. మమ్ముల ఎల్లగొట్టకుండ్రి."

జానమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది.

"మరి నాలుగు దినాలసంది నేను ఎవలికోసం మొక్కుతున్ననే?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జానమ్మ కూడా నవ్వబోయింది గాని నవ్వు సగంలోనే ఆగిపోయింది. వచ్చి సోమమ్మ పక్కన గడప మీద కూర్చుంది.

"జానమ్మ అన్నది మందిరంల పెట్టిన పేరు. మా అవ్వ పెట్టింది చాలమ్మ. ఐదో ఆడపిల్లను. ఇగ చాలు అని. ఇప్పటికి మా ఊర్లెకు పోతే చాలమ్మ వచ్చిందంటరు. గా పేరు మీద ఉన్ననాడే నేను మొదలు మొక్కిన. ఇన్నడు. చాలమ్మ అయితే నాకొద్దు అనలే."

"అయితే నువ్వు పెంటయ్య అని చెప్పి మొక్కక్కా."

"నేను మొక్కితే మల్ల అట్ట చదివినట్టే అయితది. వాడెవడో నాకేం ఎరిక. నువ్వు చెప్పు. నీకెరిక."

సోమమ్మ నలుగురిలో ఎన్నడూ నోరు విప్పి ప్రార్థన చేయలేదు. చదువుకున్నవాళ్ల మాటలు ఆమెకు రావు. లేచి లోపలికి పోయి మంచం పక్కన నేల మీద మోకరించింది. కొడుకు చేయి పట్టుకుంది. అది పొయ్యి మీద పెంకులా ఉంది. వరండాలో వాళ్లు ఒక్కొక్కరే లేచి తలుపు దగ్గరికి వచ్చారు.

"ప్రభువా, నేను సోమమ్మను. కోస్గి కాడోళ్లం. బాలస్వామి పెండ్లాన్ని. ఇంతకుముందు ముగ్గుర్ని నీ కాడికి పంపిన, నీకెరికే. వీడు నాలుగోడు. వీని పేరు పెంటయ్య. దేవదానం అని ఎవలన్న అడిగితే గది గూడ వీడే. వీడు పెంట మీద దొరకలే. నేనే కన్న. రెండు దినాలు నొప్పులు పడి కన్న. పెంట మీద దొరికిండని ఆరేండ్లు అబద్ధం చెప్పిన. ఎవలకో భయపడి చెప్పిన. నీకు గూడ చెప్పినట్టే అయింది. వీడు పనికిరానోడు గాదు ప్రభువా. వీడు తప్ప నాకు ఎవ్వలు లేరు. గీ మాట నేను ఎన్నడు నోట అనలే. ఇయ్యాల అన్న. ఇనేటోళ్లు ఇననియ్యి. నువ్వు గూడ ఇను."

ఎలా ముగించాలో తెలియక అక్కడే ఆగిపోయింది. జానమ్మ ఆమేన్ అంది. తలుపు దగ్గర అందరూ ఆమేన్ అన్నారు. పక్క మంచం మీద కూర్చున్న జంగమ్మ రెండు చేతులూ జోడించి ఉంది.

"మా బీరప్పకు గూడ చెప్పిన చెల్లె. పేరు పెంటయ్యనే అని సరిగ్గ చెప్పిన."

ఏమీ జరగలేదు. పొద్దు ఎక్కింది. వరండాలో వాళ్లు వంటల దగ్గరికి వెళ్లిపోయారు. సోమమ్మ కొడుకు ఛాతీ మీద చేయి వేసుకుని కూర్చుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య సందు ఎక్కువైనట్టు అనిపించినప్పుడల్లా తన ఊపిరి కూడా ఆపుకునేది. ఎంత పని చేశాను అనుకుంది. నా నోటితో నేనే, ఇంత గట్టిగా, వీడు నాకు కావాలని చెప్పేశాను. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆమెకు తోచలేదు. తీసుకోవాలని ఉందో లేదో కూడా తెలియలేదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చేసరికి జానమ్మ ఆమెకు సంగతి చెప్పినట్టుంది. డాక్టరమ్మ అట్టను చేతిలోకి తీసుకుని చూసింది. సోమమ్మను చూసింది. కోపం చేయలేదు. పిల్లవాడి మీదికి వంగింది.

"పెంతయ్యా. పెంతయ్యా."

వేళ్లు దుప్పటిని గిల్లుతూనే ఉన్నాయి.

"గట్ల గాదమ్మా," అంది సోమమ్మ. అని, ముందుకు వంగింది. ఆరేళ్లుగా అన్నం వేళకు గుడిసె ముందు నిలబడి మేకల దొడ్డి అవతలి దాకా వినబడేటట్టు ఎలా పిలిచేదో అలాగే పిలిచింది.

"పెంటిగా. ఓ పెంటిగా. ఏడున్నవ్ రా?"

దుప్పటి మీద వేళ్లు ఆగాయి. రెప్పలు కదిలాయి. చాలాసేపటికి, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు, నల్లబడిన పెదవుల మధ్య నుంచి చిన్న చప్పుడు వచ్చింది.

"ఊఁ."

డాక్టరమ్మ చేయి చాపి, "నీళ్లు" అంది. సోమమ్మ ముంత ఖాళీగా ఉంది. జంగమ్మ గోడ దగ్గరి తన కుండలో ముంచి గ్లాసు అందించింది. చెంచాతో పోస్తే సగం కారిపోయాయి. సగం గొంతులోకి దిగాయి. గొంతు ముడి పైకీ కిందికీ కదలడం అందరూ చూశారు.

"పిలుచుచుండుము. పిలిచి, రెండు చెంచాలు. మరల పిలిచి, రెండు చెంచాలు. మానవద్దు."

"ప్రార్థన చేయాల్నా అమ్మా?" సోమమ్మ భయపడుతూ అడిగింది.

డాక్టరమ్మకు ఆ భయం ఎందుకో అర్థమైనట్టే ఉంది. "అదియు చేయుము. ఇదియు చేయుము," అంది.

నర్సమ్మ కలం తీసి అట్ట మీద పేరు కొట్టేయబోయింది. సోమమ్మ ఆమె చేయి పట్టుకుంది.

"ఉండనియ్యమ్మా. దాని కింద రాయి."

సోమవారం మధ్యాహ్నం బాలస్వామి తల్లిని తీసుకుని వచ్చాడు. నాగులమ్మ చంకలో ఒక మూట. అందులో మడత విప్పని తెల్లబట్ట అంచు కనబడుతోంది. గడప దగ్గరే ఆగిపోయింది, లోపలికి అడుగు వేయలేక. జ్వరం అలాగే ఉంది. మూడు వారాలు నిండడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. బతుకుతాడని ఎవరూ అనలేదు.

"రా అత్తా," అంది సోమమ్మ. చేతిలో చెంచా ఉంది. "పలుకుతాండు."

నాగులమ్మ మూటను కొంగు కింద దాచుకుని మంచం దగ్గరికి వచ్చింది. అప్పుడే జానమ్మ మంచాల వరుస చివర నుంచి ప్రార్థన చేసుకుంటూ వస్తోంది. అలవాటుగా అట్ట చూసి పైపేరు చదివి, నాలుక కరుచుకుని, కింది పేరు చదివింది. పెంటయ్య కళ్లు తెరిచి తల్లి కోసం వెతికాడు. సోమమ్మ వాడి నోటి దగ్గర చెవి పెట్టింది.

"అమ్మా, గా దేవదానం ఎవడే?"

"ఎందుకు బిడ్డా?"

"అందరు పిలుస్తనే ఉన్నరు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఆడు పలుకుతనే లేడు."

సోమమ్మ చెంచా నిండా నీళ్లు తీసుకుని వాడి పెదవుల దగ్గర పెట్టింది. వాడు మింగేదాకా చూసింది.

"పలుకుతడు పెంటిగా," అంది. "గాడు గూడ పలుకుతడు."